వడ్డన వస్తువుల చెక్కపని పోటీ: గరిటె చేయాలా, పలకా, ట్రేనా, గిన్నా?

పోటీ ప్రకటన వచ్చిన రోజు నుంచి మా కాలనీ షెడ్డులో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం చేస్తే బాగుంటుంది సార్?" ఈసారి అంశం వడ్డనకు పనికొచ్చే చెక్క వస్తువు. గడువు ఆరు వారాలు. నేను ఇలాంటి పోటీల్లో మూడుసార్లు దిగాను, ఒకసారి మార్కులు వేసే కుర్చీలో కూర్చున్నాను. గెలిచింది ఒక్కసారే, అదీ రెండో బహుమతి. కాబట్టి నేను చెప్పేదాంట్లో గెలుపు రహస్యాలేమీ ఉండవు. పాడు చేసుకున్న చెక్కల జ్ఞానం మాత్రం బోలెడు.

ముందు మార్కుల బల్ల దగ్గర జరిగింది చెప్తాను. ముగ్గురం కూర్చున్నాం. అందులో ఒకావిడకు వడ్రంగం అస్సలు తెలియదు. కాలనీలో ఏ కార్యక్రమం జరిగినా వంటలన్నీ దగ్గరుండి చేయించే పిన్నిగారు ఆవిడ. నేనూ ఇంకొకాయనా జాయింట్లు చూస్తూ, వేలితో అంచులు తడుముతూ కూర్చుంటే, ఆవిడ సంచీలోంచి పులిహోర డబ్బా తీశారు. బల్ల మీదున్న గరిటెలన్నిటితో ఒక్కో గరిటెడు తీసి ఆకులో వేస్తూ పోయారు. అద్దంలా మెరుస్తున్న ఒక రోజ్‌వుడ్ గరిటె ఉంది. దానికే మొదటి బహుమతి అని నేను మనసులో అనేసుకున్నాను. దాని లోపలి మూల కోసుగా ఉండటంతో మెతుకులు అక్కడే ఇరుక్కుపోయాయి. ఆవిడ రెండుసార్లు దులిపి పక్కన పెట్టేశారు. ఎక్కువ మార్కులు పడింది వేప చెక్కతో చేసిన మామూలు హస్తానికి, అంటే అన్నం వడ్డించే చదును గరిటెకు. చూడ్డానికి ఏమీ లేదు. అన్నం మాత్రం అంటకుండా జారింది.

అప్పటినుంచి ఎవరడిగినా నా మొదటి మాట ఇదే: ఏ వస్తువు చేయాలి అని కాదు, మీ ఇంట్లో దాంతో ఏం వడ్డిస్తారు అన్నది ముందు తేల్చుకోండి. పులుసా, అన్నమా, గారెలా, పండగకి వచ్చినవాళ్లకి కాఫీ గ్లాసులా? అది తేలితే మిగతా ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇక వస్తువుల సంగతి. మా దగ్గరికి వచ్చేవి మొత్తం నాలుగు రకాలు: గరిటెలు, పలకలు, ట్రేలు, లేత్ (చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తీసిన గిన్నెలు.

కొత్తగా చెక్క పట్టినవాళ్లకు గరిటె జాతే మేలంటాను. అడుగు పొడవు ముక్క చాలు. పాడైతే ఇంకో ముక్క తీసుకోవచ్చు, ప్రాణం ఉసూరుమనదు. రంపం, ఉలి, ఒక మంచి కత్తి, గుంట తవ్వడానికి వంపు కత్తి, ఉప్పుకాగితం ఉంటే పని నడుస్తుంది. అయితే గరిటెలన్నీ ఒకటి కాదు. అన్నం హస్తం చదునుగా ఉంటుంది కాబట్టి రెండు ఆదివారాల్లో తెమిలిపోతుంది. పప్పుకీ పులుసుకీ వాడే లోతు గరిటె అలా కాదు. గుంట, మెడ, పిడి మూడూ మూడు వేర్వేరు కోణాల్లో ఉండాలి. పిడి నిటారుగా ఉండి గుంట కూడా దాని వరసలోనే ఉంటే గిన్నెలోంచి పులుసు తీయడానికి మోచెయ్యి చెవి దాకా లేపాలి.

అసలు చిక్కు మెడ దగ్గరుంది. తిన్నటి పలకలోంచి వంపు గరిటె కోస్తే, మెడ దగ్గర చెక్క నార అడ్డంగా తెగిపోతుంది. పొడవాటి నార పట్టి ఉంచాల్సిన చోట పొట్టి ముక్కలు మిగులుతాయి. పైకి ఏమీ తెలియదు. గట్టిపడిన పప్పులో పెట్టి ఒక్కసారి లాగితే టక్కుమంటుంది. దీనికి మందు సహజంగా వంగిన కొమ్మ వెతుక్కోవడం. వంపులో నార కూడా వంపు తిరిగే ఉంటుంది, గరిటె దాని వెంటే పోతుంది. మునగ, మామిడి కొమ్మలు కొట్టించే రోజుల్లో వీధుల్లో తిరిగితే బోలెడు వంకర కొమ్మలు కనిపిస్తాయి. మునగ మాత్రం ముట్టుకోకండి, అది చెక్కే కాదు, బెండు.

మధ్యే మార్గంగా చిప్ప గరిటె ఉంది. కొబ్బరి చిప్పను లోపలా బయటా నున్నగా గీకి, పై అంచు దగ్గర ఎదురెదురుగా రెండు బెజ్జాలు వేసి, వాటిలోంచి కాడను బిగుతుగా దూరుస్తారు. జిగురు లేదు, మేకు లేదు. మా అమ్మమ్మ దాన్ని అబక అనేది. పులుసుకు దాన్ని మించింది నేను చూడలేదు. కాకపోతే చెక్కపని పోటీలో చిప్ప చెక్క కిందికి వస్తుందా అని ఎవరో ఒకరు పేచీ పెడతారు. ముందే నిర్వాహకుల్ని అడిగి దిగండి.

గరిటె పల్చదనం చూడాలనుకుంటే నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క స్పూన్లు ఒక్కసారి చేతిలో పట్టుకు చూడండి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కలివి లాంటి కర్రలతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంచు ఎంత పల్చగా ఉన్నా విరగదు. మనం చేసేవి మొదట్లో పడవ తెడ్లలా ఉంటాయి. భయం కొద్దీ చెక్క వదిలేస్తాం. నా మొదటి గరిటె చూసి మా ఆవిడ "దీంతో అన్నం వడ్డించాలా, బట్టలు ఉతకాలా?" అంది.

పలక విషయానికొస్తే, చేయడానికి అన్నిటికంటే తేలిక, మెప్పించడానికి అన్నిటికంటే కష్టం. ఒక చెక్క తీసుకుని, చిత్రిక పట్టి, మూలలు గుండ్రంగా చేసి, నూనె రాస్తే పలక అయిపోతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల్లో దాని మీద చీజు, ద్రాక్షపళ్లు పెడతారు. మన ఇళ్లలో వాటి బదులు గారెలు, పుణుగులు, పక్కన కొబ్బరి చట్నీ ఉంటాయి. అంచు లేని పలక మీద గారె దొర్లుతుంది, చట్నీ పారుతుంది. పలకే చేయాలనుంటే చట్నీ గిన్నె కూర్చునేలా ఒక గుండ్రటి పల్లం, చుట్టూ అర సెంటీమీటరు గట్టు తియ్యండి. అప్పుడది మన వస్తువు అవుతుంది. మందం 20 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. కడిగినప్పుడు రెండు వైపులా తడిపి, నిలబెట్టి ఆరబెట్టాలి. ఒకవైపే తడిస్తే ఆ వైపు ఉబ్బి పలక దొప్పలా లేస్తుంది.

ట్రే గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా పరువు పోయింది దాంతోనే.

రెండేళ్ల కిందట వానాకాలంలో టేకు ట్రే మొదలుపెట్టాను. నాలుగు వైపులా పట్టీలు, మూలల్లో కుసి జాయింట్లు (ఒక పట్టీ కొస ఇంకోదాని బెజ్జంలో దూరేవి), అడుగున ముప్పై సెంటీమీటర్ల వెడల్పు ఒకే పలక. ఆ పలకను పట్టీల గాడిలో పెట్టి, ఊగకుండా ఉండాలని చుట్టూ ఫెవికాల్ పోసి బిగించేశాను. పోటీ రోజుకు చక్కగా ఉంది. మూలలు చూసి నలుగురు మెచ్చుకున్నారు, రెండో బహుమతి వచ్చింది. దాన్ని బీరువా మీద పెట్టాం. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ట్రే అడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా చీలింది. షెడ్డులో పని నేర్పే మేస్త్రి దాన్ని తిప్పి చూసి, "దీనికి కదలడానికి చోటివ్వలేదు సార్ మీరు" అన్నాడు అంతే.

జరిగింది ఇది. చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. టేకు చాలా చెక్కల కంటే తక్కువ కదులుతుంది. అయినా ముప్పై సెంటీమీటర్ల పలక హైదరాబాద్ వానకూ ఎండకూ మధ్య రెండు మిల్లీమీటర్ల దాకా తేడా చూపిస్తుంది. అన్ని వైపులా జిగురు పట్టి ఉంటే ఆ రెండు మిల్లీమీటర్లూ ఎక్కడికి పోతాయి? మధ్యలో చీలికగా తేలతాయి. అడుగు పలకను గాడిలో జిగురు లేకుండా వదలాలి. పక్కలకు కొంచెం ఖాళీ ఉంచి, కావాలంటే సరిగ్గా మధ్యలో ఒక్క చోట బొట్టు పెట్టొచ్చు. కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో కొన్న చెక్కను తెచ్చి హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. తెచ్చాక రెండు మూడు వారాలు మీ గదిలోనే గాలి తగిలేలా పెట్టి, తర్వాతే కొలత వెయ్యండి.

ఇన్ని చెప్పినా, జాయింట్లు తిన్నగా కొట్టగలిగినవాళ్లకు ట్రేకి సాటి లేదు. కాఫీ గ్లాసులు, పండగ పిండివంటలు, తాంబూలం, వాయనం, అన్నిటికీ వాడతారు. పిడికి నాలుగు వేళ్లూ దూరేంత సందు ఉందో లేదో మాత్రం నిండు గ్లాసులు పెట్టి లేపి చూసుకోండి. ఖాళీ ట్రేని ఎవరైనా లేపుతారు.

గిన్నెల గురించి తొందరగా ముగిస్తాను. పాతకాలం ఇళ్లలో మరిగె అనే చెక్క గిన్నెలుండేవి. ఇప్పుడు లేత్ మీద తీసే గిన్నె చూడముచ్చటగా ఉంటుంది, బల్ల మీద పెడితే అందరి చూపూ దాని మీదే. కానీ లేత్ అలవాటు లేనివాళ్లు ఆరు వారాల గడువులో దాన్ని నేర్చుకోవాలని చూడొద్దు. గుండ్రంగా లేని మొద్దు వేగంగా తిరుగుతూ ఊడితే ముఖానికి తగులుతుంది. పక్కన నేర్పేవాళ్లు లేకుండా, ముఖానికి షీల్డు లేకుండా ఆ పని వద్దు. ఇప్పటికే లేత్ పట్టినవాళ్లకు నా సలహా అక్కర్లేదు.

లేత్ మాటొస్తే ఏటికొప్పాక గుర్తుకు రావాల్సిందే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ అంకుడు కర్రను తిప్పుతూనే లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. అది చూసి కొందరు అన్నం గిన్నెకూ లక్క పూత వేద్దామంటారు. పొడి వస్తువులకు, అంటే వక్కలు, ఏలకులు, డ్రైఫ్రూట్స్ పెట్టే డబ్బాలకు బాగుంటుంది. వేడి పులుసుకు లక్క మెత్తబడుతుంది, తడి నిలిస్తే తెల్ల మచ్చలొస్తాయి. అలాగే కొండపల్లి బొమ్మల తెల్లపొణికి, నిర్మల్ బొమ్మల పొణికి అందంగా చెక్కుడు పడతాయి కదా అని గరిటెకు వాడకండి. అవి తేలిక కర్రలు. బొమ్మకు ఆ తేలికదనమే సుగుణం. తడిలో నానే గరిటెకు అదే శాపం.

మరి ఏ చెక్క? టింబర్ డిపోకి వెళ్తే ముందు టేకే చూపిస్తారు. తలుపులు చేసే వడ్రంగుల దగ్గర మిగిలిన ముక్కలు కూడా ఎక్కువగా టేకే. నీటికి తట్టుకుంటుంది, తక్కువ కదులుతుంది, ట్రేకి పలకకి బ్రహ్మాండం. రెండు ఇబ్బందులు: అందులో ఇసుకలాంటి సిలికా ఉండటంతో ఉలి అంచు తొందరగా మొద్దుబారుతుంది, ఒంట్లో ఉన్న నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. అతికించే ముందు ఆ చోటును స్పిరిట్ గుడ్డతో తుడవండి. గరిటెకైతే టేకు నాకంత నచ్చదు. దాని రంధ్రాలు పెద్దవి, పప్పు దూరి కూర్చుంటుంది.

వేప దొరకని ఊరు లేదు. గట్టిది, పురుగు పట్టదు. కానీ దాని నార ఒక వరసలో ఈ వైపుకి, పక్క వరసలో ఆ వైపుకి పోతుంది. చిత్రిక ఎటు తోసినా ఎక్కడో ఒకచోట పెచ్చు లేస్తుంది. ఓపికగా ఉప్పుకాగితం పట్టాలి. కొత్తలో కాస్త చేదు వాసన ఉంటుంది, నాలుగు కడుగులకు పోతుంది. వేప కాబట్టి ఆరోగ్యం అని కాగితం మీద రాసి పక్కన పెట్టేవాళ్లున్నారు. దానికి నేనైతే మార్కులు వేయను.

మామిడి చవక, రంగు అందం, చెక్కడం సులువు. సరిగా ఆరకపోతే మాత్రం బూజు చారలు, ఆపైన పుచ్చు. తొర్రల్లోంచి పిండి రాలుతుంటే ఆ ముక్కను ఇంట్లోకే తేవద్దు. చింత చేవ ఎంత గట్టిదో మాంసం దుకాణాల్లో మొద్దు చూస్తే తెలుస్తుంది. పలకకు గొప్పగా ఉంటుంది కానీ చేతి పనిముట్లతో దాన్ని తవ్వాలంటే భుజాలు ఉండాలి. రోజ్‌వుడ్ ధర సంగతి అలా ఉంచితే, దాని పొడి కొందరికి దద్దుర్లు, తుమ్ములు తెప్పిస్తుంది. మాస్కు లేకుండా ఉప్పుకాగితం పట్టకండి. ఆ మాటకొస్తే టేకు పొడికీ అంతే. ఇక కాగితాల్లేని ఎర్రచందనం ముక్క ఎవరైనా ప్రేమగా ఇస్తామన్నా దండం పెట్టి వచ్చేయండి.

నా ఓటు పనసకు. బొబ్బిలి వీణలు చెక్కేది పనస మొద్దులోంచే. మరీ మెత్తనా కాదు, మరీ గట్టీ కాదు, ఉలికి వెన్నలా కాకపోయినా మాట వింటుంది. అన్నిటికంటే ముఖ్యం, అది పుట్టుకతోనే పసుపు. తెల్ల చెక్కతో చేసిన గరిటె మొదటి పప్పుకే పసుపు మచ్చ పడి, రెండు రోజులు ఎండలో పెడితే గానీ తేరుకోదు. పనస మీద ఆ మచ్చ కనిపించదు. ఏడాదికి అది కూడా ముదిరి తేనెరంగులోకి వస్తుంది.

అమెరికాలో, కెనడాలో ఉండి అక్కడి క్లబ్బుల పోటీల్లో పాల్గొనే మనవాళ్లకు ఇవేవీ దొరకవు. మేపుల్, చెర్రీ తీసుకోండి. రెండూ సన్న రంధ్రాల చెక్కలు, తిండి వస్తువులకు అక్కడ ఎప్పటినుంచో వాడుతున్నవే. పసుపు మచ్చ భయం ఉంటే ముదురు రంగు వాల్‌నట్ ఉంది, కాకపోతే ఆ పేరు వినగానే నట్స్ అలర్జీ గురించి ఎవరో ఒకరు అడుగుతారు. రెడ్ ఓక్ వద్దు, దాని రంధ్రాలు గొట్టాల్లాంటివి.

ఎక్కడున్నా సరే ప్లైవుడ్, పాత రంగు తలుపులు, రైలు స్లీపర్లు ఈ పోటీకి పనికిరావు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, స్లీపర్లకు పట్టించే తారు మందు తిండి దగ్గరికి రాకూడదు. ఇక పచ్చి చెక్క ఎన్నేళ్లు ఆరాలి అంటే పెద్దల లెక్క అంగుళం మందానికి ఏడాది.

పూత విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. వార్నిష్ లాంటి పొర పూతలు గరిటెకు వద్దు. అవి పూర్తిగా ఆరితే ప్రమాదమేమీ కాదు కానీ గిన్నె అంచుకు కొట్టుకుని పెచ్చులుగా ఊడి కూరలో పడతాయి. ట్రేకి మాత్రం పర్వాలేదు, అందులో తడి తిండి నేరుగా పడదు కదా.

గరిటెకూ పలకకూ చెక్కలోకి ఇంకే నూనె కావాలి. వంటింట్లో ఉన్న వేరుశనగ నూనె రాసేస్తారు చాలామంది. అది గట్టిపడదు, కొన్నాళ్లకు ముక్కిన వాసన వస్తుంది. కొబ్బరి నూనె కొంచెం నయం. అవిసె నూనె వేరు, అది గాలిలో ఆక్సిజన్ తగిలి నిజంగానే గట్టిపడుతుంది. తినడానికి అమ్మే అవిసె నూనే కొనండి. పెయింట్ షాపులో బాయిల్డ్ అని రాసుంటే అందులో తొందరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలిపి ఉంటారు. పల్చగా రాసి, పావుగంట తర్వాత మిగులు తుడిచేసి, మళ్లీ రెండు మూడు రోజులకు ఇంకో పూత. ఇలా మూడు నాలుగు పూతలు పడి పూర్తిగా ఆరడానికి మూడు వారాలు పడుతుంది. అంటే ఆరు వారాల గడువులో చెక్కడానికి మీ చేతిలో ఉన్నది మూడు వారాలే. పోటీకి ముందు రోజు నూనె రాసి జిడ్డుగా తెచ్చేవాళ్లను ప్రతిసారీ చూస్తుంటాను. ఇంకొక్క మాట, తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ చుట్టిన గుడ్డ దానంతటదే అంటుకోగలదు. దండెం మీద విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచేయండి.

టైమ్ లేనివాళ్లకు మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ దిక్కు. నాలుగు వంతులకు ఒక వంతు తేనెమైనం వేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి రాయండి. ఎప్పటికీ గట్టిపడదు, నెలకోసారి మళ్లీ రాయాలి, వేడి పులుసుకు పైనున్న మైనం వదిలిపోతుంది. పలకకు చాలు.

నూనెకు ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది, కొత్తవాళ్లు తప్పకుండా మరిచిపోతారు. ఉప్పుకాగితం పట్టడం అయ్యాక వస్తువును తడిపి ఆరనివ్వండి. పడుకున్న నార అంతా లేచి గరుగ్గా తగులుతుంది. సన్న కాగితంతో మళ్లీ రుద్దండి. రెండుసార్లు ఇలా చేస్తే వంటింట్లో మొదటిసారి కడిగినప్పుడు నున్నగానే ఉంటుంది. స్టీల్ ఉన్ని మాత్రం వాడొద్దు. టేకు, తుమ్మ లాంటి చెక్కల్లో వగరు ఉంటుంది, ఇనుప రజను తడిలో దానికి తగిలితే నల్ల మచ్చలు పడతాయి. ట్రేకి కూడా ఇనుప మేకులకు బదులు వెదురు మేకులు కొట్టడం ఇందుకే.

ఇక తేల్చి చెప్పమంటే ఇదీ నా లెక్క. మొదటిసారి దిగేవాళ్లు అన్నం హస్తం చేయండి, పనసతోనో వేపతోనో. చెయ్యి తిరిగి, వంకర కొమ్మ దొరికితే పులుసు గరిటె. జాయింట్ల మీద నమ్మకం ఉంటే టేకు ట్రే, అడుగు పలకను వదులుగా ఉంచి. టైమ్ అసలు లేకపోతే చట్నీ పల్లం ఉన్న పలక. లేత్ ఉంటే మీ ఇష్టం.

ఈసారి నేను పులుసు గరిటే పెడుతున్నాను. పక్క వీధిలో పనస కొమ్మ కొట్టిస్తుంటే అడిగి తెచ్చుకున్న వంపు ముక్క, ఏడాదిన్నరగా మంచం కింద ఆరుతోంది. గుంట అయిపోయింది. పిడి అయిపోయింది. మెడ దగ్గర ఇంకా రెండు మిల్లీమీటర్లు తీయాలి. తీస్తే విరుగుతుందేమోనని టెన్షన్, తీయకపోతే మా ఆవిడ మళ్లీ బట్టల మాట ఎత్తుతుందని ఇంకో టెన్షన్. నిన్న రాత్రి ఒక మిల్లీమీటరు తీశాను.